లోపలి గీత

ఆ అభయారణ్యం పేరు చెప్పను. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే బస్సెక్కి, దారిలో ఒకచోట దిగి, మట్టిరోడ్డు మీద జీపులో ఎముకలు కదిలేదాకా పోతే వస్తుంది. అంతవరకు చాలు. పేరు చెబితే మీరూ పోతారు, పోయి పులి ఎక్కడ అని అడుగుతారు. అడవికి వచ్చే ప్రతి మనిషీ అడిగే మొదటి ప్రశ్న అదే, చివరి ప్రశ్నా అదే. మధ్యలో పూరీలు తింటారు.

నేను మాత్రం పులిని చూడటానికి పోలేదు. గీయడానికి పోయాను.

ఎనభైల నడుమ ఖమ్మంలో ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టర్ని. డ్రాయింగు మాస్టరంటే బడిలో అందరికన్నా ఖాళీగా ఉండేవాడని అందరి నమ్మకం. పరీక్షలు దగ్గర పడితే నా పీరియడ్లన్నీ లెక్కల మాస్టరు మింగేసేవాడు. ఓటర్ల లిస్టు రాయడానికి నేనే, జెండా పండుగకి రంగు కాగితాలు కత్తిరించడానికి నేనే. అయినా నాకు తగని గర్వం ఒకటుండేది. నల్లబల్ల మీద ఒక్క ఊపులో సున్నా చుడితే కంపాసు పెట్టి చూసినా వంక దొరికేది కాదు. పిల్లల పుస్తకాల్లో వంకర గీత కనిపిస్తే చేయి ఊరుకునేది కాదు, రబ్బరు తీసుకుని చెరిపి దిద్దేవాణ్ని. పొద్దున్నే వాకిట్లో మా ఆవిడ వేసిన ముగ్గులో ఒక మెలిక పక్కకి పోతే కాలి బొటనవేలితో చెరిపి, పిండి తీసుకుని సరిచేసేవాణ్ని. ఆవిడకి ఒళ్లు మండేది. "ముగ్గు నాది, వంకర కూడా నాదే. మీరు బడికి పోండి" అనేది. ఆ మాట చెప్పి స్టాఫ్ రూములో అందర్నీ నవ్వించేవాణ్ని.

ఆ ఏడు వేసవి సెలవులకు ముందు రేంజరు దగ్గర్నుంచి మా హెడ్మాస్టరుకి కబురొచ్చింది. మే నెలలో పులుల లెక్క తీస్తారట. నీళ్ల దగ్గర పడిన పాదముద్రని ముందు గాజు పలక మీద, తర్వాత కాగితం మీద గీయాలట. అంతకు ముందుసారి గార్డులు గీసి పంపినవి చూసి పై ఆఫీసులో నవ్వారట. పులి అడుగులు గోంగూర ఆకుల్లా ఉన్నాయన్నారట. అందుకని ఈసారి చేయి తిరిగిన మనిషి కావాలన్నారు. మన డ్రాయింగు మాస్టరు ఖాళీయేగా అన్నాడు హెడ్మాస్టరు. ఆయన ఎగతాళిగా అన్నాడో ఏమో, నేను మాత్రం వారం రోజులు పెన్సిళ్లు చెక్కుకుంటూ కూర్చున్నాను.

నాతోపాటు వాలంటీరుగా వచ్చిన రెండో మనిషి ఒక బట్టల షాపు షావుకారు. ఈ పనికోసమే సొంత షాపులోంచి ఖాకీ గుడ్డ చింపించి కోటూ ప్యాంటూ కుట్టించుకున్నాడు. మెడలో బైనాక్యులర్స్, కాళ్లకు కొత్త బూట్లు, తలకి ఫర్లాంగు దూరం వచ్చే వాసన నూనె. అడవిలో ఎవరూ మాట్లాడకూడదని జీపు ఎక్కగానే మాకు చెప్పాడు. చెప్పినవాడు దిగేదాకా నోరు మూయలేదు. ప్రతి మలుపులో అదిగో అని చేయి చాపేవాడు. ఒకసారి అది బర్రె. ఇంకోసారి బండరాయి. మూడోసారి మేం చూడటం మానేశాం. బహుశా అదొక్కటే పులి అయి ఉంటుంది.

ఇక రేంజరు. మడత నలగని యూనిఫారం, నడుముకి అద్దంలా మెరిసే ఇత్తడి బకిలు. అడవిలో ఉద్యోగం చేసే మనిషి బట్టలకి ఒక్క పల్లేరుకాయ కూడా అంటుకోకపోవడం నాకు మొదట వింతగా అనిపించింది. తర్వాత అర్థమైంది, ఆయన అడవిని జీపులోంచే చూస్తాడు. జీపు పోని చోట అడవి లేదనుకుంటాడు. పులిని మాత్రం నా పులి, నా పులి అనేవాడు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా గెస్ట్ హౌసు వంటవాడు తల వంచుకుని ఉల్లిపాయలు తరిగేవాడు. ఆ మధ్యాహ్నం మాకు నాటుకోడి కూర పెట్టారు. కోడి ఎవరిదని మేం అడగలేదు.

భోజనాలయ్యాక రేంజరు బల్ల మీద మ్యాపు పరిచాడు. నీలం పెన్సిలుతో ఒక వాగు చూపించాడు. వాగుకి ఇవతల ఒక కోయగూడెం, పదో పన్నెండో ఇళ్లు. అవతల వాళ్ల జొన్న చేలు. అక్కడ పెద్దపులి తిరుగుతోందని గార్డు రిపోర్టు రాశాడు. అది ముద్రతో రుజువైతే వాగు అవతలి గట్టు నుంచి గుట్ట దాకా మూసేస్తారు. నాగలి పోకూడదు, పశువు పోకూడదు, తునికాకు కోయకూడదు. రేంజరు పెన్సిలు చెవిలో పెట్టుకుని తిప్పుకుంటూ, "పులి లేకపోతే ఇది సాంక్చువరీ కాదు మాస్టారూ, ఉత్త కట్టెల అడవి. నాకు ఒక్క మంచి ముద్ర కావాలి" అన్నాడు.

ఈ మాటలన్నీ వరండాలో నిలబడి ఒక మనిషి విన్నాడు. రోజుకూలీ మీద వాచరు పని చేసే కోయ మనిషి, యాభై దాటి ఉంటాయి. ఆ గూడెం అతనిదే. వాగు అవతల అతనికీ, అతని తమ్ముడికీ కలిపి ఒక చేను ఉంది. మమ్మల్ని ముద్రల దగ్గరికి తీసుకుపోవాల్సింది కూడా అతనే. తన చేనుకి తాళం వేయించే అడుగు దగ్గరికి తనే దారి చూపాలి. సర్కారు వారి ఏర్పాట్లు ఎప్పుడూ ఇట్లాగే ఉంటాయి, ఎవరి మెడకి తాడో వాళ్ల చేతే పేనిస్తారు.

కానీ అతను భయపడినట్టు లేడు. నేను పెరట్లో చేయి కడుక్కుంటుంటే వచ్చి నిలబడ్డాడు. అది పెద్దపులి కాదని, ప్రతి ఎండాకాలం మేకల కోసం వాగు దగ్గరికి వచ్చే చిరుతేనని చెప్పాడు. గార్డు దూరం నుంచి చూసి రాశాడట.

"చిరుతకు మూయరు సారు, పెద్దపులికే మూస్తరు. మీరు గీసే సారట గద. ఉన్నది ఉన్నట్టు గీయండి, గంతే."

నా చేతిలో అబద్ధం రాదని అతనికి చెప్పాను. చెప్పేటప్పుడు ఛాతీ కూడా కొంచెం పెద్దదైంది. అతను తలాడించి, నా చేతుల మీద ఇంకో చెంబు నీళ్లు పోశాడు.

మొదటి రెండు రోజులు మాకు దొరికింది చెమట. వాచరు ముందు, వెనక గాజు పలకని గోనెసంచిలో చుట్టి మోసే గార్డు, ఆ వెనక నేను, అందరికన్నా వెనక షావుకారు. వాచరు వంగి చూసి ఇది దుప్పి, ఇది కణితి, ఇది దుమ్ములగొండి అని చెప్పుకుంటూ పోయేవాడు. మేం పుస్తకం చదివినట్టు అతను నేలని చదివేవాడు, అది కూడా వేలు పెట్టుకోకుండా. షావుకారుకి అతని మీద నమ్మకం లేదు. కుక్క అడుగు కనిపించినా సరే, బైనాక్యులర్స్ నేలకి ఆనించి చూసి పులిపిల్ల అనేవాడు. రేంజరు రెండు రోజులూ రోడ్డు మీద జీపు నీడలోనే ఉన్నాడు, రేడియోలో క్రికెట్ వింటూ.

మూడో రోజు పొద్దున వాచరు మమ్మల్ని ఆ వాగు దగ్గరికి తీసుకుపోయాడు. రోడ్డు దగ్గరే కాబట్టి రేంజరు కూడా దిగాడు. వాగులో నీళ్లు లేవు, ఇసుకలో అక్కడక్కడ చెలిమెలు, ఒక్కచోట మాత్రం గట్టు కింద కాస్త బురద. వాచరు మమ్మల్ని గట్టు మీదే ఆగమన్నాడు. ఇసుకలో అడుగులు విడివిడిగా ఉన్నాయని, ముందు అవి చూపిస్తానని, అవి చూస్తే చిరుత అని ఎవరికైనా తెలిసిపోతుందని చెప్పాడు. అతని మాట పూర్తి కాకముందే షావుకారు గట్టు దిగాడు. అందరికన్నా ముందు తానే చూడాలి కదా, ఖమ్మం పోయి షాపులో చెప్పుకోవాలి. కొత్త బూట్లు వేసుకుని ఇసుకంతా అటూ ఇటూ తొక్కి, ఇక్కడేమీ లేదు అని అరిచాడు. అప్పటికి నిజంగానే ఏమీ లేదు.

వాచరు వాళ్ల భాషలో తనలో తనే ఏదో అనుకుని బురద దగ్గరికి పోయాడు. అక్కడ మిగిలింది ఒకే ఒక్క అడుగు. పెద్దది. రేంజరు చూడగానే మొహం వెలిగిపోయింది. వాచరు పుల్ల తీసుకుని, ముద్రకి తగలకుండా, గాలిలో దాని చుట్టూ తిప్పి చూపించాడు. చిరుత నెమ్మదిగా నడిస్తే వెనక కాలిని ముందు కాలి అడుగులోనే వేస్తుందట. ఒక్కోసారి సరిగ్గా పడక కొంచెం జరుగుతుందట. అప్పుడు రెండు చిన్న అడుగులు కలిసి ఒక పెద్ద అడుగులా అవుపడతాయట. రేంజరు అతని మాట వినలేదు. తనకన్నా తక్కువ జీతం తీసుకునేవాడి మాట ఆయన చెవికి ఎక్కదు. వాచరు ఇక ఆయన్ని వదిలేసి నా మొహం చూశాడు.

"సారు, లోపల ఇంకో గీత ఉన్నది చూడుండ్రి."

నేను మోకాళ్ల మీద వంగి చూశాను. ఉంది. పెద్ద అడుగు లోపల, మడమ దగ్గర, ఇంకో అడుగు అంచు సన్నగా, స్పష్టంగా ఉంది. ఒకసారి చూశాక ఇక అది తప్ప వేరే ఏమీ కనిపించలేదు. గాజు పలక పెట్టి, సరిగ్గా పైనుంచి చూస్తూ, స్కెచ్ పెన్నుతో రెండు గీతలూ గీశాను. చెమట చుక్క పలక మీద పడకుండా నుదుటికి రుమాలు కట్టుకున్నాను. వాచరు నా పక్కనే గొంతుక్కూర్చుని ఊపిరి బిగబట్టి చూశాడు. అయ్యాక అతని మొహంలో కనిపించిన నిశ్చింత నేను మరిచిపోలేదు. అచ్చు తీయడానికి తెచ్చిన ప్లాస్టరు పొడి సంచీలోనే గడ్డకట్టి రాయిలా ఉంది. కాబట్టి ఆ అడుగుకి రుజువు నా గాజు పలక ఒక్కటే.

మధ్యాహ్నం గెస్ట్ హౌసులో ఫ్యాను కింద కూర్చుని పలక మీద కాగితం వేసి ఫెయిర్ కాపీ మొదలుపెట్టాను. పలక మీద బాగానే కనిపించిన బొమ్మ కాగితం మీదకి వచ్చేసరికి గజిబిజిగా తయారైంది. ఒక గీత మీద ఇంకో గీత ఎక్కింది. నాలుగో క్లాసు పిల్లవాడు తప్పు గీసి, చెరపకుండా దాని మీదే మళ్లీ గీసినట్టుంది. నాకే చూడబుద్ధి కాలేదు. అంతలో రేంజరు చేతిలో టీ గ్లాసుతో వచ్చి నా భుజం మీంచి తొంగి చూశాడు.

"ఏంది మాస్టారూ, గీత మీద గీత పడ్డది. చెయ్యి వణికిందా?"

ఆయన నన్ను బెదిరించలేదు. పులి అని రాయమనలేదు, ఏమీ ఆశ పెట్టలేదు. బెదిరించి ఉంటే నాకు మొండితనం వచ్చేదేమో, తిరగబడి ఉండేవాణ్నేమో. చెయ్యి వణికిందా అన్నాడు, అంతే. నల్లబల్ల మీద కంపాసు లేకుండా సున్నా చుట్టే చెయ్యి! అరికాలి మంట నెత్తికెక్కింది. పై ఆఫీసులో ఈ కాగితం చూసి ఎవరో నవ్వుతున్నట్టు, ఇది కూడా గోంగూర ఆకే అంటున్నట్టు అనిపించింది. కొత్త కాగితం తీసుకున్నాను. లోపలి గీత వదిలేశాను. బయటి గీతని మాత్రం నున్నగా, ఎక్కడా తెగకుండా, నాలుగు వేళ్లూ మడమా సమంగా కుదిరేలా లాగాను. అంత అందమైన అడుగు ఏ జంతువూ ఎన్నడూ వేసి ఉండదు.

వాచరు సంగతి అప్పుడు గుర్తు లేదని చెబితే అబద్ధమవుతుంది. గుర్తుంది. మ్యాపూ గుర్తుంది, జొన్న చేనూ గుర్తుంది. కానీ ఆ క్షణంలో నాకు ఆ చేను కన్నా గీత ముఖ్యమైంది. ఇన్నేళ్లలో దీనికి ఇంతకన్నా మంచి సాకు వెతికాను, దొరకలేదు.

నేను కాగితం ఆరబెట్టుకుంటుండగానే గార్డు పని అయిపోయిందని పలకని తడిగుడ్డతో తుడిచేశాడు. రేంజరు కాగితం చూసి, ఇదీ మాస్టారంటే అని నా వీపు తట్టాడు. ఫైలులో పెట్టబోతుంటే వాచరు వచ్చి ఒకసారి చూస్తానని అడిగాడు. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, వెలుతురుకి తిప్పి చాలాసేపు చూశాడు.

"లోపలి గీత ఏది సారు?"

"అది ఫెయిర్ కాపీ. ఫెయిర్ కాపీలో అట్లాంటివి ఉండకూడదు."

"ఫేర్ కాపీ అంటే ఏంది?"

తప్పులు లేకుండా చక్కగా తిరిగి రాసింది అని చెప్పాను. పిల్లలకి చెప్పే గొంతుతోనే చెప్పాను. అతను సరే అన్నట్టు తలాడించి, కాగితం నలగకుండా నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు మమ్మల్ని బస్సు ఎక్కించడానికి అతను రాలేదు. కూలీ మనిషి, పని పడి ఉంటుందిలే అనుకున్నాను.

ఖమ్మంలో నా వైభవం చూడాలి. ప్రశంసాపత్రం వచ్చింది. హెడ్మాస్టరు ప్రార్థన సమయంలో పిల్లలందరి ముందూ చదివాడు. లెక్కల మాస్టరు నెలరోజుల పాటు నా పీరియడ్ల జోలికి రాలేదు. షావుకారు షాపులో పులి రోజురోజుకీ పెరిగింది. దసరా నాటికి అది అతని మీదకి దూకింది, అతను కళ్లలో కళ్లు పెట్టి చూసేసరికి వెనక్కి తగ్గింది. దసరా సెలవుల్లో రేంజరు మనిషి చేత ఒక పెద్ద రేకు పంపి, దాని మీద పులి తల గీసి, ఇది పులి తిరిగే ప్రాంతం, లోపలికి పోరాదు అని రాయమన్నాడు. ఎక్కడ పెడతారని నేను అడగలేదు. ఎనామిల్ రంగులతో రెండు పూతలు వేసి, మీసాలు ఒక్కొక్కటిగా తీర్చి పంపాను. మా ఆవిడ చూసి, పులి ఎప్పుడన్నా మంగలి షాపుకి పోతుందా అని అడిగింది. ఆమెకి కళ అంటే తెలియదనుకున్నాను.

మరుసటి ఏడు చలికాలంలో మా బడి టీచర్లంతా వ్యాను కిరాయికి తీసుకుని అడవి చూడటానికి బయలుదేరారు. దారి తెలిసినవాణ్ని కాబట్టి డ్రైవరు పక్క సీటు నాది. వెనక పూరీలు, బఠాణీలు, ఒక టేప్ రికార్డరు. అందరూ ఎర్రవీ పసుపువీ స్వెట్టర్లు తొడుక్కుని, కొండలు అదిరేలా పాటలు పెట్టుకుని, ఒక్క జంతువూ కనపడటం లేదని గవర్నమెంటుని తిట్టుకుంటూ వచ్చారు. రేంజరు అప్పటికే బదిలీ మీద వెళ్లిపోయాడు. రోడ్డు ఆ వాగు దగ్గరికి వచ్చేసరికి వెదురు గేటు అడ్డంగా ఉంది. గేటు పక్కన రెండు కర్రల మీద నా పులి.

వ్యానులోంచి చప్పట్లు మోగాయి. మన మాస్టారి బొమ్మే అని దిగి, దాని ముందు వరసగా నిలబడి ఫొటో తీయించుకున్నారు. నేను బోర్డు వెనక్కి చూశాను. వాగు అవతల జొన్న చేను లేదు. నడుమెత్తు గడ్డి ఉంది. కావలి మంచె ఒక పక్కకి ఒరిగి, దాని మీది ఆకుల కప్పు జారిపోయి ఉంది. గేటు తాడు పట్టుకుని నిలబడ్డ మనిషి ఆ వాచరే.

మా సైన్సు మాస్టరు, నిజం చెప్పు, ఇక్కడ పులి ఉన్నదా అని అతన్ని అడిగాడు. అతను నవ్వలేదు. రోజూ వచ్చేవాళ్లకి చెప్పినట్టే చెప్పాడు.

"ఉన్నది సారు. ఫేర్ కాపీ ఉన్నది."

వాళ్లకి అర్థం కాలేదు. గూడెంవాళ్ల మాట అట్లాగే ఉంటుందని నవ్వుకుంటూ వ్యాను ఎక్కారు. నేను వెనకబడి అతని దగ్గర నిలబడ్డాను. తమ్ముడు బాగున్నాడా అన్నాను. వానలు పడ్డ వారంలోనే గార్డులు వచ్చి దున్నొద్దని నాగళ్లు పట్టుకుపోయారని చెప్పాడు. తమ్ముడు పెళ్లాం పిల్లల్ని తీసుకుని పెనుబల్లి దిక్కు మిరపతోటల్లో కూలికి పోయాడట. అతని గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది.

"గా చిరుత మల్లా వచ్చింది సారు, ఎండాకాలం. గిక్కడ్నే నీళ్లు తాగిపోయింది. అడుగులు మంచిగ పడ్డయి, విడివిడిగ. చూడనీకె ఎవ్వరు రాలే."

వ్యాను హారను కొట్టింది. నేను ఎక్కేశాను. దారంతా వాళ్లు పాడుతూనే ఉన్నారు.

ఇంటికొచ్చాక పై ఆఫీసుకి ఉత్తరం రాశాను. నేను గీసిన ముద్ర తప్పు, లోపల ఇంకో అడుగు ఉంది, అది చిరుత, నేనే ఆ గీత వదిలేశాను అని ఉన్నదున్నట్టు రాశాను. ఫెయిర్ కాపీ తీయలేదు, కొట్టివేతలతోనే పంపాను. మూడు నెలలకి జవాబు వచ్చింది. ఫైలులోని ముద్రను మళ్లీ పరిశీలించామని, అందులో అనుమానానికి తావే లేదని, ఇంత స్పష్టమైన గీత తమ దగ్గరికి ఇదివరకు ఎన్నడూ రాలేదని, వచ్చే లెక్కకి అన్ని రేంజిలకూ దాన్నే మాదిరిగా పంపిస్తున్నామని రాశారు. చివర్లో నాకు కృతజ్ఞతలు కూడా చెప్పారు.

మర్నాడు పొద్దున్నే ఆ కాగితం మళ్లీ చదువుతుంటే మా ఆవిడ వాకిట్లో ముగ్గు వేస్తోంది. ఒక మెలిక బాగా పక్కకి పోయింది. నేను గడప మీదే కూర్చుండిపోయాను. ఆవిడ తలెత్తి నన్నూ, నా కాళ్లనీ చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది.